అయోడిన్ తళతళా మెరుస్తా ఉంటే అలోహం ఎట్లయితుంది?

తిరుపతి, బైరాగిపట్టెడ నుంచి:
గ్రూపులో సైన్స్ టీచర్లు ఎవరన్నా ఉంటే కొంచెం చెప్పండబ్బా. మా పాప టెన్త్. అలోహాలకి మెరుపుండదు, కరెంటు పోదు అని బుక్కులో ఉందంట, నిన్న ల్యాబ్‌లో అయోడిన్ చూపిస్తే నల్లగా భలే మెరస్తా ఉందంట, పెన్సిల్ ములుకు కూడా కార్బనే కదా దాన్లో కరెంటు ఎట్ల పోతుంది, మరి బుక్కు తప్పా అని రాత్రి అన్నం కాడ్నుంచీ ఒకటే అడగడం. నేను చదివింది కామర్స్.

చిత్తూరు, రిటైర్డ్ టీచర్:
పాప బాగా పట్టుకునిందమ్మా. బుక్కులో ఉండేది చాలావాటికి సరిపోయే మాట, ఈ రెండూ మినహాయింపులు. పెన్సిల్ ములుకులో ఉండేది గ్రాఫైట్, కార్బన్‌లోనే ఒక రకం. దాన్లో ఒక్కో కార్బన్ పక్కనుండే మూడింటితోనే బంధం కట్టుకుంటుంది, మిగిలిన నాలుగో ఎలక్ట్రాన్ ఆ పొరలో తిరగతా ఉంటుంది, కరెంటు మోసేది అదే. వజ్రంలో నాలుగూ బంధాల్లోనే ఉండిపోతాయి, అందుకే పోదు. రెండూ కార్బనే చూడండి!

ఇంట్లోనే చూపించొచ్చు. పెన్సిల్ రెండుపక్కలా చెక్కి, రెండు రిమోట్ సెల్లులు వరసగా పెట్టి, మధ్యలో ఎర్ర ఎల్‌ఈడీ. పొడుగు కాలు ప్లస్ వైపుండాల, తిరగబడితే వెలగదు. తర్వాత పెన్సిల్ తీసి నాటుమందుల అంగట్లో దొరికే గంధకం ముక్క పెట్టండి.

అయోడిన్ సంగతి ఇంకా బాగుంటుంది. 1811లో ఫ్రాన్స్‌లో కుర్తువా అనే ఆయన తుపాకీమందుకు సూరేకారం చేసేవాడు, సముద్రపు నాచు కాల్చిన బూడిదతో పని చేస్తా సల్ఫ్యూరిక్ యాసిడ్ ఎక్కువ పోసేసరికి ఊదారంగు పొగ లేచి, చల్లటి చోట తగిలి నల్లటి మెరిసే పలుకులై కూర్చునింది. ఆ ఊదారంగుకుండే గ్రీకు మాటతోనే పేరు పెట్టినారు. మెరుపుంది గానీ కరెంటు సరిగ్గా పోనియ్యదు, నలగ్గొడితే పొడి అయిపోతుంది, రేకులాగా సాగదు.

తిరుపతి, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ:
సార్ చెప్పినదానికి ఒకటి కలుపుతా అక్కా. మెరుపు చూసి తేల్చద్దని చెప్పండి పాపకి. గంధకం అలోహం, దాన్ని కాల్చిన పొగ తడి నీలి లిట్మస్ కాగితాన్ని ఎర్రగా మారుస్తుంది, అంటే ఆమ్లం; మెగ్నీషియం లోహం, దాన్ని కాల్చిన బూడిద నీళ్ళలో కలిపితే ఎర్ర కాగితం నీలమవుతుంది, అంటే క్షారం, నాకైతే ఈ తేడానే గట్టిది అనిపిస్తుంది. గంధకం ఇంట్లో కాల్చద్దండి, ఆ పొగ గొంతు పట్టేస్తుంది, స్కూల్లోనే చెయ్యమనండి. అయోడిన్ పలుకులూ ఇంటికి తేవద్దు, మన ఎండకి ఊరికే ఆవిరవతా కళ్ళు మండిస్తాయి. టించర్ అయోడిన్ ఒక చుక్క ఇడ్లీ ముక్క మీద వెయ్యండి చాలు, నల్లనీలం అవుతుంది, అది పిండిపదార్థం గుర్తు. ఆ ముక్క తినకూడదు.

బైరాగిపట్టెడ నుంచి మళ్ళీ:
చేసినాం సార్! పెన్సిల్‌కి వెలిగింది, కొంచెం మసగ్గానే, గంధకానికి అస్సల్లేదు. పాప ఇప్పుడు రెండు పెన్సిళ్ళు కలిపి పెడితే వెలుగు ఏమవుతుందో చూస్తాంది.