ఆవు దగ్గర కూర్చోబెట్టడం వైద్యమేనా? స్పీచ్ థెరపీ మాన్పించమంటున్నారు

ఒక అమ్మ, గుంటూరు:
మా బాబుకి ఏడేళ్లు, ఆటిజం. ఊరి బయట ఒక ఫామ్‌లో ఆవులతో 'థెరపీ' అంటే ఆదివారం తీసుకెళ్లాం. ఎవరు ముట్టుకున్నా బిగుసుకుపోయే పిల్లాడు, నెమరేస్తున్న ఆవు గంగడోలు కింద చెయ్యి పెట్టి పావుగంట అలాగే కూర్చున్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఇప్పుడు వాళ్లు స్పీచ్ ఆపేసి మూడు నెలల ప్యాకేజీ కట్టమంటున్నారు. ఏం చేయమంటారు?

ఫిజియో, వరంగల్:
స్పీచ్ ఆపొద్దమ్మా, దయచేసి. గుర్రంతో చేసే థెరపీ సంగతి వేరు. అది నడుస్తుంటే పైన కూర్చున్నవాళ్ల నడుము మనిషి నడకలో ఊగినట్టే ఊగుతుంది. అందుకే సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాల అదుపు తప్పడం) ఉన్న పిల్లలకు వాడతారు, పక్కనే థెరపిస్టు ఉంటారు. పోలియోతో మోకాళ్ల కింద పట్టు పోయిన డెన్మార్క్ లిస్ హార్టెల్ 1952 ఒలింపిక్స్‌లో గుర్రం మీదే వెండి పతకం గెలిచారు. ఆటిజం పిల్లలకు 10 వారాలు స్వారీ నేర్పి, గుర్రం లేని బృందంతో పోల్చిన అమెరికా అధ్యయనం 2015లో వచ్చింది. చిరాకు తగ్గింది. ఆవును హత్తుకోవడం మీద అంత గట్టి ఆధారం నా కంటపడలేదు. ఆధారం లేనిదాన్ని వైద్యం అనకూడదు.

నెదర్లాండ్స్ నుంచి:
ఫిజియో గారూ, నయం చేయకపోతే పనికిరాదన్నట్టు మాట్లాడకండి. ఇక్కడ 'జోర్ఖ్‌బూర్డరై' అని సంరక్షణ పొలాలున్నాయి. మతిమరుపు వచ్చిన పెద్దవాళ్లు, ఆటిజం ఉన్నవాళ్లు పగలంతా అక్కడ కోళ్లకు గింజలు వేస్తారు, గడ్డి ఎత్తుతారు. రోగం పోతుందని ఎవరూ చెప్పరు. చేతికి పని, రోజుకో క్రమం దొరుకుతాయి. పిల్లాడు పావుగంట కుదురుగా కూర్చోవడం చిన్న సంగతా?

పాడిరైతు, ఒంగోలు దగ్గర:
అమ్మా, ఆవు వైపు నుంచి కూడా చూడండి. దాని ఒళ్లు మనకంటే వెచ్చన, 38.5 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. అందుకే కాబోలు పిల్లాడికి హాయి. గంగడోలు నిమిరితే మెడ చాపుతుంది, అది ఇష్టం. తోక విసురుతూ ఒళ్లు పక్కకి లాక్కుంటే చాలు అన్నట్టు. దానికి లేచిపోయే వీలుందా, పలుపుతో కట్టేశారా? ఎంతమందిని పంపుతున్నారు రోజుకి? 2023లో ఫిబ్రవరి 14న ఆవును కౌగిలించుకోమని జంతు సంక్షేమ మండలి పిలుపిచ్చి, నాలుగు రోజుల్లో వెనక్కి తీసుకుంది. ఎరగని మనిషి మీద పడితే ఏ ఆవైనా బెదురుతుంది. ఇంకోటి, బ్రూసెల్లోసిస్ పరీక్ష కాగితాలు అడగండి. అది పశువులు ఈసుకుపోయే (కడుపులో దూడ పోయే) రోగం, మనుషులకీ అంటుతుంది. పచ్చిపాలు తాగించనివ్వొద్దు. కొత్తగా ఈనిన ఆవు దగ్గరికి బాబును అసలు పంపొద్దు.

ఒక అమ్మ, గుంటూరు:
పొద్దున ఫోన్ చేసి కాగితాలు అడిగాను. ముందు డబ్బు కట్టండి, తర్వాత చూద్దామన్నారు. కట్టలేదు. స్పీచ్ సోమ, బుధ, శుక్రవారాలు మామూలే. మా పెదనాన్నకి తెనాలి దగ్గర నాలుగు ఆవులున్నాయి. పశువుల డాక్టరుతో పరీక్ష చేయించాక శనివారాలు వెళ్తాం. పెదనాన్న బాబు చేతికి తవుడు గిన్నె ఇస్తానంటున్నాడు. చూడి ఆవును అవతలి కొట్టంలో కట్టేయమన్నాను.