ఇంట్లో చేసిన ఆల్బమ్‌ని అలాగే వదలాలా, స్టూడియోలో మళ్లీ పాడాలా?

కంచరపాలెం కుర్రాడు:
2021 మే నెల. మధ్యాహ్నం 12 దాటితే కర్ఫ్యూ. నాన్నకి కోవిడ్, పక్క గదిలో ఒక్కరే ఉన్నారు. రాత్రిళ్లు గంటకోసారి ఆక్సీమీటర్ పెట్టి చూడాలి, 93 కనిపిస్తే గుండె జారిపోయేది, నేను నిద్రపోతే ఎలా అని ఒకటే టెన్షన్. మెలకువగా ఉండటానికి గిటార్ పట్టుకున్నాను. బీరువా తలుపులు తెరిచి బట్టలకి ఎదురుగా కూర్చుని, వెనక పరుపు నిలబెట్టి, ఫ్యాన్ ఆపేసి (వైజాగ్ ఉక్కపోతలో, మీరే ఊహించుకోండి) 8 పాటలు రికార్డ్ చేశాను. రెండింట్లో అమ్మ పాత హార్మోనియం. అంతా నేనే వాయించాను. ఇన్నాళ్లకి విడుదల చేద్దామంటే స్టూడియో ఉన్న ఫ్రెండ్ విని, పాటలు బాగున్నాయి గానీ రికార్డింగ్ పచ్చిగా ఉంది, మళ్లీ పాడు అన్నాడు. 5వ పాటలో నాన్న దగ్గు కూడా పడింది. ఏం చెయ్యమంటారు?

రీటేక్ రాజా:
మళ్లీ పాడు. కష్టంలో చేశావని ఎవరూ మార్కులు వెయ్యరు. బస్సులో ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నవాడికి నీ కథ తెలీదు, సాహిత్యం వినపడకపోతే పాట మార్చేస్తాడు.

ఉప్పుగాలి:
రాజా గారూ, అంత తేలిగ్గా కొట్టిపారేయకండి. అమెరికన్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1982లో న్యూజెర్సీలోని ఇంట్లో నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డర్ మీద ఒంటరిగా పాడుకున్నాడు. నమూనా కోసమే. తర్వాత బ్యాండ్‌తో స్టూడియోలో చేస్తే అవే పాటలు కుదరలేదు. చివరికి ఆ క్యాసెట్టే 'నెబ్రాస్కా' ఆల్బమ్‌గా వచ్చింది.

రీటేక్ రాజా:
సగం కథే చెప్పారు. ఆ క్యాసెట్‌ని రికార్డు మీదకి ఎక్కించడానికి ఇంజనీర్లు నానా తిప్పలు పడ్డారు. పాల్ మెకార్ట్నీ 1970 సోలో ఆల్బమ్ కూడా, ఆయన బ్యాండ్ బీటిల్స్ విడిపోతున్న రోజుల్లో ఇంట్లో మొదలుపెట్టిందే, అన్ని వాయిద్యాలూ ఆయనవే, కానీ కొంత పని స్టూడియోల్లో జరిగింది. ఇల్లు ఒక్కటే సరిపోతుందని ఎవరన్నారు?

ఉప్పుగాలి:
సరే, అది ఒప్పుకుంటాను. కానీ వాళ్లు తర్వాత పని చేయించుకున్నది ఆ టేపు మీదే కదా, పాడిందంతా చెరిపేసి కాదు. అప్పుడు 93 చూసి వచ్చి పాడిన గొంతు, ఇప్పుడు ఏసీ గదిలో అద్దం వెనక నుంచి ఒకడు చెయ్యి ఊపితే వస్తుందా?

భీమిలి బీట్:
పని సంగతి నేను చెప్తా. నాయిస్ తీసే సాఫ్ట్‌వేర్ ఎక్కువ వాడకు, గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు అవుతుంది, నేనలాగే మూడు పాటలు పాడు చేసుకున్నా. గొంతు, గిటార్ విడివిడి ట్రాకులుగా ఉన్నాయా? ఉంటే మిక్సింగ్ (ట్రాకుల హెచ్చుతగ్గులు సరిచేసి కలపడం) మాత్రం ఫ్రెండ్‌కి ఇవ్వు. ఒకే మైక్‌లో పడితే పెద్దగా చేసేదేం ఉండదు.

కంచరపాలెం కుర్రాడు:
6 పాటలు విడిగానే ఉన్నాయి, అవి మిక్సింగ్‌కి ఇస్తున్నాను. మిగతా రెండూ ఉన్నట్టే వదిలేస్తా. రాజా గారూ, సాహిత్యం మాట నిజమే, 3వ పాటలో నాకే వినపడటం లేదు, అదొక్కటి మళ్లీ పాడతాను. నిన్న నాన్నకి 5వ పాట వినిపించాను. ఇప్పుడు బాగానే ఉన్నారులెండి, రోజూ బీచ్‌కి నడకకి వెళ్తున్నారు. విని, "పాట మధ్యలో నా దగ్గేమిట్రా, పరువు పోతుంది, తీసెయ్" అన్నారు. అమ్మ ఉంచాల్సిందేనంటోంది. ఇద్దరూ పొద్దున్నుంచీ మాట్లాడుకోవట్లేదు.