జస్టీనియన్‌కు గుడ్లు తెచ్చినవారే బైజాంటియం పట్టుకు మూలమా?

తారాపథం: క్రీ.శ. 552 ప్రాంతంలో ఇద్దరు సన్యాసులు బోలు కర్రలో పట్టుపురుగు గుడ్లు దాచి బైజాంటియం (తూర్పు రోమన్ సామ్రాజ్యం) చక్రవర్తి జస్టీనియన్‌కు తెచ్చి ఇచ్చారు. చైనా గుత్తాధిపత్యం దానితో కూలింది. ఇంత లాభసాటి దొంగతనం చరిత్రలో మరొకటి లేదు. కాదనేవారు చెప్పండి.

పాతకాగితం: నేను కాదంటాను. ఆ కాలపు చరిత్రకారుడు ప్రొకోపియస్ రాతలో కర్ర లేనే లేదు. గుడ్లను పేడలో కప్పి, ఆ వేడికి పొదిగించారని మాత్రమే ఉంది. కర్ర మరో బైజాంటియం చరిత్రకారుడు థియోఫనీస్ కథలోది. అక్కడ తెచ్చింది సన్యాసులు కాదు, ఒక పారశీకుడు.

తారాపథం: కర్ర పోనివ్వండి. గుడ్లు వచ్చాయా, లేదా?

పాతకాగితం: వచ్చాయి. కాని 568లో మధ్య ఆసియాకు చెందిన సోగ్డియన్ వర్తకుడు మానియాఖ్ పట్టు అమ్ముకోవడానికే అక్కడి తురుష్కుల రాయబారిగా బైజాంటియం రాజధాని కాన్‌స్టాంటినోపుల్ చేరాడు. గుత్తాధిపత్యం కూలిపోయి ఉంటే అతనికి అంత శ్రమ ఎందుకు?

తారాపథం: ఆ రాయబారులకు జస్టీనియన్ తరువాతి చక్రవర్తి రెండవ జస్టిన్ పట్టుపురుగుల పెంపకం చూపించి నివ్వెరపరిచాడని మీ థియోఫనీసే రాశాడు. ఆ ముక్క దాచారేం?

గోదారిగట్టు: ఇద్దరికీ దండం.

మగ్గంఇంటివాడు: గుడ్లు వస్తే బట్ట వస్తుందా? మల్బరీ ఆకు కోయాలి, గూళ్ళను వేడినీళ్ళలో వేసి పోగు తీయాలి, రంగు వేయాలి, పడుగూ పేకా చూడాలి. 1147లో సిసిలీ రాజు రెండవ రోజర్ నౌకాదళం బైజాంటియం ఏలుబడిలోని గ్రీసు పట్టణాలు థీబ్స్, కోరింత్ మీద పడి నేతగాళ్ళనే పట్టుకుపోయింది. మా నాన్న గీసిన అంచు నమూనాను ఒక వ్యాపారి ఫోటో తీసుకుపోయి మరమగ్గాల మీద నేయించాడు. నాన్నకు పైసా రాలేదు.

తారాపథం: బాధాకరమే, కాని దానికీ దీనికీ ఏమిటి సంబంధం? విద్య అలాగే వ్యాపిస్తుంది. రోజర్ దాడి వల్లే సిసిలీకి పట్టునేత వచ్చింది.

పాతకాగితం: తప్పు. రోజర్ పట్టు ఉత్తరీయం సిసిలీ రాజధాని పలెర్మోలో తయారైందని, హిజ్రీ 528లో, అంటే 1133-34లో, అని దాని అంచు మీదే అరబ్బీలో ఉంది. దాడికి పదేళ్ళకు పైగా ముందే అక్కడ ఆ పని ఉంది.

మగ్గంఇంటివాడు: తేదీలు తరువాత. మనుషులను ఎత్తుకుపోవడం విద్యావ్యాప్తా? అసలు మాట ఇప్పుడు బయటపడింది. మీకు పురుగు కనిపిస్తుంది, రాజు కనిపిస్తాడు. నేసేవాడు మాత్రం సామానుతో పాటు వచ్చిన మరో సామాను.

తారాపథం: నేను సమర్థించలేదు, ఫలితం చెప్పాను. 1160లలో యూదు యాత్రికుడు బెంజమిన్ వెళ్ళినప్పుడు థీబ్స్ యూదులు పట్టునేతలో మేటిగానే ఉన్నారు. ఊరు ఏమీ నాశనం కాలేదు.

మగ్గంఇంటివాడు: మిగిలినవారు నేశారు. సిసిలీకి, బైజాంటియంకు సంధి కుదిరాక బందీలను వదిలినా, థీబ్స్, కోరింత్ నేతగాళ్ళను మాత్రం వదలలేదని బైజాంటియం చరిత్రకారుడు నికెటాస్ ఖోనియాటెస్ రాశాడు. వాళ్ళ ఫలితం కూడా చెప్పండి.

తారాపథం: ఆ సంధికి ఒప్పుకున్నది బైజాంటియం చక్రవర్తే కదా. ఆయనను ఎందుకు అనరు?