మూడు స్ట్రైకులు పడ్డా బ్యాటర్ అవుట్ కాలేదెందుకు?

అందరికీ నమస్కారం. అమ్మాయిని చూడడానికి టెక్సాస్ వచ్చాను. మొన్న అల్లుడు ఆర్లింగ్టన్‌లోని గ్లోబ్ లైఫ్ ఫీల్డ్‌లో రేంజర్స్ బేస్‌బాల్ ఆటకు తీసుకెళ్లాడు. నలభై ఏళ్లుగా క్రికెట్ చూస్తున్నవాణ్ణి, ఇదేమంత బ్రహ్మవిద్య అనుకున్నాను. తీరా చూస్తే తల తిరిగింది.

కొంత అర్థమైంది. 9 ఇన్నింగ్స్, ఒక్కో విడతలో ముగ్గురు అవుటైతే బ్యాటింగ్ ఎదుటి జట్టుకు పోతుంది. మూడు స్ట్రైకులకు (కొట్టగల బంతిని వదిలేసినా, బ్యాటు ఊపి తప్పినా స్ట్రైకే) అవుట్, నాలుగు బాల్స్‌కు ఊరికే మొదటి బేస్ (పరుగులో మొదటి మజిలీ). (గురి తప్పిన బంతికి ‘బాల్’ అని పేరు పెట్టిన మహానుభావుడెవరో!)

చిక్కంతా ఇక్కడే. ఒక బ్యాటర్ మూడో స్ట్రైకుకు బ్యాటు ఊపాడు, తగల్లేదు. బంతి క్యాచర్ (మన వికెట్ కీపర్ లాంటివాడు) గ్లవ్‌లోంచి జారి వెనక్కి దొర్లింది. ఇతగాడు మొదటి బేస్‌కు పరుగు లంకించుకున్నాడు, అంపైర్ రెండు చేతులూ చాచి సేఫ్ అన్నాడు! “క్యాచర్ పట్టలేదు కదా మామయ్యా” అన్నాడు అల్లుడు. సరే అనుకున్నాను. కాసేపటికి మళ్లీ అలాగే బంతి జారింది. ఈసారి బ్యాటర్ పరుగెత్తకుండా తల వంచుకుని వెళ్లిపోయాడు. అప్పుడు మొదటి బేస్‌లో వాళ్ల రన్నర్ ఉన్నాడు, అవుటైంది ఒక్కరే. తేడా అందులోనే ఉందా?

ఇంకొకటి. రెండు స్ట్రైకుల తర్వాత గీతల బయటికి, అంటే ఫౌల్‌ కొడితే లెక్కలోకి రాలేదు. మరి ఒకడు బ్యాటు అడ్డంగా పెట్టి మెల్లగా తాకించిన బంతి ఫౌల్ అయితే మాత్రం అవుట్ ఇచ్చారెందుకు?

తెలిసినవారు క్రికెట్ భాషలో చెప్పండి. శనివారం మళ్లీ వెళ్తున్నాం, పక్క సీట్లో తొమ్మిదేళ్ల మనవడు ఉంటాడు.