షుగరు ఉన్న కార్మికులకు సాయం: సగం మందికి ఇప్పుడు, సగం మందికి ఆరు నెలల తర్వాత. ఒప్పుకోవాలా?

రేణిగుంట నైట్ షిఫ్ట్:
మాది రేణిగుంట దగ్గర విడిభాగాలు చేసే ఫ్యాక్టరీ. కార్మికుల తరఫున నేను సంక్షేమ కమిటీలో ఉన్నాను. నాకూ ఏడేళ్లుగా షుగరు. షుగరు ఉన్నవాళ్ల కోసం యాజమాన్యం ఒక పథకం పెడతానంటోంది. షిఫ్టు మధ్యలో నర్సు వచ్చి పరీక్ష చేస్తుంది, నెలకోసారి తిండి గురించి, మందుల గురించి ఒక్కొక్కరితో విడిగా మాట్లాడుతుంది, ఫోనుకు తెలుగులో మెసేజ్‌లు వస్తాయి. అయితే ముందు దీన్ని పరీక్షించి చూస్తారట. ఎనిమిది లైన్లకు చీటీలు తీసి నాలుగింటికి ఇప్పుడే మొదలుపెడతారు. మిగతా నాలుగు లైన్లకు మొదట ఒకసారి, ఆరు నెలల చివర ఒకసారి రక్తపరీక్ష మాత్రమే. ఆ తర్వాతే సాయం.

సోమవారం కమిటీలో మా మాట చెప్పాలి. నేను ఒప్పుకోవాలనే అనుకుంటున్నాను. రెండేళ్ల కిందట అందరి ఫోన్లలో ఒక నడక యాప్ పెట్టించారు. నాలుగు నెలలకు ఆపేశారు. ఎందుకు ఆపారని అడిగితే, ‘దానివల్ల మేలు జరిగిందని చూపించండి’ అన్నారు. చూపించడానికి మా దగ్గర ఏమీ లేదు. ఈసారి అలా కాకూడదని నా తపన. మీరేమంటారు?

కొండ టాక్సీ:
నేను ఒప్పుకోను అన్నా. మంచిదని తెలిసి కూడా సగం మందిని ఆరు నెలలు ఆపడమేంటి?

నా సంగతి చెబుతాను. పోయిన ఏడాది పాత ఘాట్‌రోడ్డులో భక్తులను దించుకొస్తున్నాను. పొద్దున మాత్ర వేసుకున్నాను, దర్శనం ఆలస్యమవడంతో టిఫిన్ తినలేదు. సగం దారిలో ఒళ్లంతా చెమట, చేతుల్లో వణుకు, ఎదురుగా రోడ్డు మసకగా కనిపిస్తోంది. ఎలాగో పక్కకు ఆపాను. వెనక కూర్చున్న పెద్దావిడ ప్రసాదం లడ్డూ విరిచి నోట్లో పెట్టింది. కారులో ఐదుగురున్నారు, అందులో ఒక పసిబిడ్డ. షుగరు 70 కంటే తగ్గితే ప్రమాదమని అప్పటిదాకా నాకు ఎవరూ చెప్పలేదు. ఆ ఒక్క మాట ముందే తెలిసుంటే చాలు. అలాంటి మాటను కూడా చీటీ తీసి పంచుతారా?

లెక్కల సార్, తిరుపతి:
మీ బాధ నాకు అర్థమవుతోంది తమ్ముడూ. కానీ ‘మంచిదని తెలిసి కూడా’ అన్నారే, అది తెలియదనే ఈ పరీక్ష.

షుగరు బాగా ఎక్కువగా వచ్చినవాళ్లను ఏరి మళ్లీ కొలిస్తే, మనం ఏమీ చేయకపోయినా సగటు కొంత తగ్గుతుంది. మొదటిసారి కొలిచినప్పుడు కొందరికి ఆ రోజుల్లో ఏ జ్వరమో, పెళ్లి భోజనాలో ఉండి ఎక్కువ వచ్చి ఉంటుంది. పైగా మనది మామిడి జిల్లా. జూన్ చివర కొలిచి డిసెంబరులో మళ్లీ కొలిస్తే, తగ్గింది నర్సు మాట వల్లో, ఇంట్లో పండ్ల బుట్ట ఖాళీ అవడం వల్లో ఎలా తెలుస్తుంది? అదే ఊళ్లో, అదే కాలంలో, సాయం అందని లైన్లు పక్కన ఉంటేనే తెలుస్తుంది.

మనిషి మనిషికి కాకుండా లైను లైనుకు చీటీ తీయడం కూడా సరైన పనే. పక్కపక్కన పనిచేసే ఇద్దరిలో ఒకరికి చెప్పి ఒకరికి చెప్పకపోతే, క్యారియర్లు విప్పేటప్పుడు అన్నీ మాట్లాడుకుంటారు. ఇక తేడా ఎక్కడుంటుంది?

ఇలాంటివి మన దగ్గర జరిగాయి. దక్షిణాదిలో ఉద్యోగాలు చేసుకునే 537 మంది మగవాళ్ల మీద ఫోను మెసేజ్‌ల పరీక్ష జరిగింది, ఫలితం 2013లో వచ్చింది. మెసేజ్‌లు అందినవాళ్లలో నూటికి 18 మందికి, అందనివాళ్లలో నూటికి 27 మందికి షుగరు వచ్చింది. మెసేజ్‌లు పనిచేశాయన్నమాట. కేరళలో 60 పోలింగ్ ప్రాంతాల్లో వెయ్యి మందికి పైగా జనంతో, తోటివాళ్ల బృందాలు పెట్టి ఇంకోటి చేశారు. రెండేళ్ల తర్వాత చూస్తే షుగరు వచ్చినవాళ్ల లెక్కలో గట్టిగా చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. రెండూ మంచి మనసుతో చేసినవే. కొలవకపోతే ఏది పనిచేసిందో చెప్పలేం.

చిత్తూరు నర్సు:
సార్ చెప్పిన ఆ రెండూ షుగరు ఇంకా రానివాళ్ల మీద జరిగాయి, రాకుండా ఆపడానికి. ఇక్కడ మాట్లాడుతున్నది ఇప్పటికే ఉన్నవాళ్ల గురించి. ఆ తేడా మరిచిపోవద్దు.

నేను సగం సగం పద్ధతికి సరే అంటాను, కానీ ఊరికే కాదు. ఆగే లైన్లలోనూ మొదటి పరీక్షలో షుగరు మరీ ఎక్కువగా వస్తే ఆ మనిషిని అదే వారం డాక్టరు దగ్గరికి పంపాలి. అంకె చూసి కూడా ఆరు నెలలు ఊరుకుంటే అది పాపం. లో షుగర్ జాగ్రత్తలు ఎనిమిది లైన్లకూ మొదటి రోజే చెప్పాలి. అక్కడ టాక్సీ తమ్ముడి మాటే సరైనది.

తమ్ముడూ, లడ్డూ ఆ రోజు కాపాడింది, సంతోషం. కానీ నెయ్యి ఉన్నది తింటే తీపి రక్తంలోకి చేరడం ఆలస్యమవుతుంది. గ్లూకోజ్ పొడి గానీ, చక్కెర గానీ మూడు చిన్న చెంచాలు నీళ్లలో కలుపుకుని తాగు. పావుగంటయ్యాక మళ్లీ చూసుకో, ఇంకా తక్కువగానే ఉంటే మళ్లీ తాగు. కారులో ఎప్పుడూ ఒక పొట్లం పెట్టుకో.

ఇంకో మాట. చివర కొలిచేది షుగరు మూడు నెలల సగటు, అంటే హెచ్‌బీఏ1సీ. ఎర్ర రక్తకణాలకు అంటుకున్న చక్కెరను బట్టి దాన్ని లెక్కకడతారు. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది కాబట్టి నెలా రెండు నెలల్లో మార్పు పూర్తిగా కనిపించదు. ఆరు నెలలు పెట్టడంలో అర్థముంది. కానీ ఆడవాళ్లు ఎక్కువగా ఉన్న లైన్లలో రక్తహీనత చూడాలి. ఐరన్ తక్కువైతే ఈ అంకె అసలు షుగరు కంటే ఎక్కువ చూపించవచ్చు. హిమోగ్లోబిన్ కూడా కలిపి చేయించమని అడగండి.

తోతాపురి:
నేను చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సీజన్ పనికి పోతాను. కాంట్రాక్టరు పిలిస్తే పని, లేకపోతే లేదు. మీ ఎనిమిది లైన్లలో మాలాంటివాళ్లు ఉన్నారా? చీటీలో పేరే లేనివాళ్లకు ఇప్పుడా, తర్వాతా అన్న మాటే ఉండదు.

నాకు పరీక్ష అంటే ఒక రోజు కూలి. పరగడుపున పోయి రక్తం ఇవ్వాలి, తినాలి, రెండు గంటలు కూర్చుని మళ్లీ ఇవ్వాలి. రిపోర్టు మధ్యాహ్నానికి వస్తుంది. ఇంటికొచ్చేసరికి పొద్దు వాలుతుంది. అందుకే ఏడాదిన్నరగా చేయించుకోలేదు. సంగటి తింటే షుగరు రాదని మా వాళ్లు అంటారు, నేనూ అదే ధైర్యంతో ఉన్నాను. పని దగ్గరే నర్సు వచ్చి చేస్తే చాలు, నాకు మెసేజ్‌లూ అక్కర్లేదు. కానీ షుగరుందని తెలిస్తే కాంట్రాక్టరు వచ్చే సీజనుకు పిలుస్తాడా? ఆ టెన్షన్ పెద్దది.

కొండ టాక్సీ:
అక్క అడిగిందే నేనూ అడుగుతున్నా. రిపోర్టు ఎవరి చేతికి పోతుంది? ఆ రోజు జరిగింది నా ఓనరుకు ఇప్పటికీ చెప్పలేదు.

లెక్కల సార్, తిరుపతి:
దేశంలో వైద్య పరిశోధనలను చూసుకునే ఐసీఎంఆర్ 2017లో ఇచ్చిన నైతిక మార్గదర్శకాల్లో, పైవాళ్లకు ఎదురు చెప్పలేని ఉద్యోగులను ప్రత్యేకంగా కాపాడాల్సినవాళ్ల కింద లెక్కపెట్టారు. ఇలాంటి పరీక్ష మనుషులకు న్యాయంగా ఉందో లేదో చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా అని అడగండి. సంతకం పెట్టనన్నా ఉద్యోగానికి ఏమీ కాదని కాగితం మీద తెలుగులో ఉండాలి. లైను మొత్తానికి కలిపిన లెక్క మాత్రమే యాజమాన్యానికి వెళ్లాలి. లైనులో షుగరు ఉన్నవాళ్లు ముగ్గురో నలుగురో ఉంటే అదీ ఇవ్వకూడదు, పేరు లేకపోయినా ఎవరో పట్టేస్తారు.

రేణిగుంట నైట్ షిఫ్ట్:
మొదట రాసినప్పుడు నేను రిపోర్టు గురించి ఆలోచించనే లేదు. తప్పు నాదే. అది తేలకుండా సంతకాలు వద్దని చెబుతాను.

సగం సగానికి మాత్రం ఇప్పటికీ సరే అంటున్నాను. కొత్త కార్మిక కోడ్‌లు 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చాయి. 40 దాటినవాళ్లకు ఏడాదికోసారి ఉచిత ఆరోగ్య పరీక్ష అందులో ఉంది. కాబట్టి పరీక్ష చేయించడం మాకు చేస్తున్న మేలు కాదు, ఆ మాట గట్టిగా అంటాను. కానీ మా నైట్ షిఫ్టులో 32 ఏళ్లకే మాత్రలు మింగేవాళ్లున్నారు. రాత్రి రెండింటికి భోజనం, పొద్దున ఎనిమిదికి నిద్ర. ‘పరగడుపు’ అంటే ఎప్పుడో వాళ్లకే తెలియదు. నర్సు పగలు షిఫ్టుకే వస్తే ఈ పథకం వాళ్లకు లేనట్టే.

ఇంకొకటి కూడా కొలవమంటాను. ఏ1సీ ఒక్కటే చాలదు. ఆరు నెలల్లో పరీక్ష కోసం ఎన్ని రోజుల జీతం పోయింది, పనిలో ఎన్నిసార్లు లో షుగర్ వచ్చింది, మందు ఎన్నిసార్లు తప్పింది. మాకు పథకం పనిచేసిందంటే ముందు అక్కడ కనిపించాలి.

కొండ టాక్సీ:
లో షుగర్ మాట అందరికీ మొదటి రోజే చెబుతారంటే నేను సగం ఒప్పుకున్నట్టే అన్నా. మిగతా సగం ఒప్పుకోలేను. నాలాంటివాడు ఆగే లైనులో ఉంటే ఆ ఆరు నెలలూ గుండె దిటవు చేసుకుని ఎలా ఉంటాడో నాకు తెలుసు.

తోతాపురి:
సోమవారం ఏం తేలిందో రాయి తమ్ముడూ. ఆ కాగితంలో కాంట్రాక్టు వాళ్ల మాట ఉందో లేదో అది ముందు రాయి.