‘బ్యాక్‌గ్రౌండ్’ అనే షరతును తెలుగులో ఏమంటారు?

అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ విలేకరులతో ఎలా మెలిగేవారో జర్నలిజం విద్యార్థులకు తెలుగులో పాఠం రాస్తున్నాను. ఒక్క మాట దగ్గర నాలుగు రోజులుగా ఆగిపోయాను.

1933 మార్చి 8న, తొలి సమావేశంలోనే ఆయన తన షరతులు చెప్పేశారు. ప్రశ్నలు ముందుగా రాసి ఇవ్వక్కర్లేదు. కానీ ప్రెస్ సెక్రటరీ స్టీఫెన్ ఎర్లీ రాతపూర్వకంగా ఇస్తే తప్ప తన మాటల్ని యథాతథంగా అచ్చువేయకూడదు. ‘ఆఫ్ ది రికార్డ్’గా చెప్పింది అక్కడికి రాని తోటి విలేకరికి కూడా చెప్పకూడదు. ‘బ్యాక్‌గ్రౌండ్’గా చెప్పింది మాత్రం వార్తలో వాడుకోవచ్చు, అయితే వైట్‌హౌస్ చెప్పిందని రాయకూడదు.

చిక్కంతా ఈ చివరిదానితోనే. ‘నేపథ్య సమాచారం’ అని రాశాను. చదివిన ముగ్గురు విద్యార్థులూ పాత చరిత్ర అనుకున్నారు. ‘విశ్వసనీయ వర్గాల సమాచారం’ అని మార్చి చూశాను. అది పత్రికలో పాఠకుడికి కనిపించే మాటే గానీ, గదిలో నాయకుడు పెట్టే షరతు కాదు. ‘పేరు చెప్పకూడని సమాచారం’ అంటే ఆఫ్ ది రికార్డ్‌తో కలిసిపోతోంది. విద్యార్థులు రేపు ఫీల్డ్‌లోకి వెళ్లాక ఈ తేడా తెలియక పొరపడతారేమోనని నా టెన్షన్.

తెలుగు పత్రికల డెస్కుల్లో, రిపోర్టింగ్‌లో పనిచేసినవారు ‘వాడుకోండి, మా పేరు రాయొద్దు’ అనే ఈ షరతుకు రోజువారీగా వాడే మాట ఏమిటి?