దీపం ఊదకుండా ఈ ప్రయోగం చేయొచ్చా?

మాది అమలాపురం దగ్గర పల్లె. మా పాప స్కూల్లో కొవ్వొత్తి ప్రయోగం చూపించాలి. ఆర్పగానే లేచే తెల్లటి పొగకు అగ్గిపుల్ల చూపిస్తే మంట మళ్లీ ఒత్తి మీదకు దూకుతుంది. మండేది మైనపు ఆవిరే కదా, ఆ పొగ కూడా మైనమే. పదిసార్లు చేస్తే రెండుసార్లే అంటుకుంది. కాలువ గట్టు మీద ఇల్లు, గాలి ఆగదు. లాంతరు చిమ్నీ పెడితే పొగ నిటారుగా లేస్తుందా?

ఇంకో చిక్కు. కార్తీకంలో అరటి దొప్పల్లో దీపాలు వదిలే మా అత్తయ్యగారు దీపం ‘ఆరిపోయింది’ అనరు, ‘కొండెక్కింది’ అంటారు. నోటితో ఊదితే ఊరుకోరు. కొవ్వొత్తికీ అదే పట్టింపా? మూత పెట్టి ఆర్పితే పొగ లోపలే ఉండిపోతోంది. శుక్రవారమే ప్రదర్శన, టెన్షన్‌గా ఉంది. చేసి చూసినవాళ్లు చెప్పండి.